గడియారం పిల్ల, చివరి పావు

"మీ చిన్నక్క ఫోన్ చేసింది," అన్నాడు మా ఆయన, నేను ఆఫీసు నుంచి వచ్చి ఇంకా రెండో చెప్పు విప్పకముందే. "ఆరో సైకిల్ దొరికిందట. మిగతా ఐదూ నీ దగ్గరే ఉన్నాయట కదా, ఆదివారం తీసుకుని రమ్మంది."

ఒంటి చెప్పుతో నిలబడిపోయాను. మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క సైకిలు. అదీ మా ఆయన లాంటిదే: గాలి తక్కువ, చప్పుడెక్కువ.

"ఇంకేమంది?"

"ఇందులో అమ్మమ్మ అయిపోతుందట."

"ఎవరు, సైకిలా?"

"నేనూ అదే అడిగాను. ఫోన్ పెట్టేసింది."

అప్పటికే ఆయన మెట్ల కిందున్న పాత బకెట్లూ, విరిగిన స్టూలూ అవతలికి ఈడ్చి సైకిళ్లకి చోటు చేశాడు. పై వాటా ఆవిడ తొంగిచూసి, అద్దె సైకిళ్ల వ్యాపారం పెడుతున్నారా, మా వాడికి ఒకటి తగ్గించి ఇస్తారా అని అడిగి కూడా వెళ్లిందట. నేను చిన్నక్కకి ఫోన్ చేస్తే అటునుంచి ఒకటే నవ్వు. "సైకిల్ కాదే, సీక్వెల్! గడియారం పిల్ల ఆరో సీక్వెల్!"

మా ఆయన ఓడిపోయే రకం కాదు. "రెండూ ఒకటేగా. తొక్కితే తప్ప ముందుకి కదలవు," అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోట వచ్చిన ఏకైక సాహిత్య విమర్శ అది. ఆ పుస్తకాల మీద అంతకంటే మంచి విమర్శ నేను చదవలేదు కూడా.

'గడియారం పిల్ల' మా చిన్నప్పటి నవల. తల్లీ తండ్రీ లేని పిల్ల, తాతతోపాటు ఊరి గడియార స్తంభంలో కాపురం ఉంటుంది. తాతకి మోకాళ్లు పనిచేయవు. గడియారం ఆగినప్పుడల్లా ఈ పిల్లే చీకటి మెట్లెక్కి, జడపిన్ను తీసి చక్రాల మధ్య పెట్టి ఒక్క తిప్పు తిప్పుతుంది. టంగుమంటుంది. ఊరంతా తిట్టుకుంటూ పనుల్లోకి పోతుంది. గంట మాట తప్ప ఎవరి మాటా వినని పిల్ల. మేం నలుగురు అక్కచెల్లెళ్లం ఆ పిల్లని మా ఐదో అక్కచెల్లెలనుకున్నాం. వంటింట్లో ఆవిడకీ ఒక పీట వేసేవాళ్లం.

రచయిత్రి అక్కడితో ఆగి ఉంటే నమస్కారం పెట్టేదాన్ని. ఆగలేదు. 'గడియారం పడుచు' రాసింది. 'గడియారం కోడలు' రాసింది. తరువాత 'గడియారం అమ్మ', ఆ తరువాత 'గడియారం అత్త', చిట్టచివరికి 'గడియారం అమ్మమ్మ'. పేర్లు వరసగా చదివితే చాలు, పన్నెండు మీదున్న ముల్లు ఆరు మీదికి ఎలా జారిందో తెలుస్తుంది. లెక్కప్రకారం అది ఆరో పుస్తకం, ఐదో సీక్వెల్. మా చిన్నక్క కొలతల్లో తప్పదు గానీ లెక్కల్లో ఎప్పుడూ తప్పుతుంది. వీటిని కొనసాగింపులు అంటారట. కొన పట్టుకుని సాగదీయడాన్ని కొనసాగింపు అంటే ఎవరేం చేస్తారు.

చిన్నప్పుడు ఐదు మాత్రమే చదివాం. చదివిన పద్ధతి చెబితే మీరు మమ్మల్ని పుస్తకాల జైల్లో పడేస్తారు. అద్దె పుస్తకాల షాపువాడు పుస్తకం ఒక్క రోజుకే ఇచ్చేవాడు. మేమేమో నలుగురం. అందుకని మా పెద్దక్క, పుట్టుకతోనే హెడ్మిస్ట్రెస్, కుట్టు దారం తెంపి పుస్తకాన్ని నాలుగు పావులు చేసేది. మొదటి పావు తనకి, రెండోది చిన్నక్కకి, మూడోది నాకు, చివరిది చిట్టికి. ఎప్పుడైనా సరే, ఏ పుస్తకమైనా సరే, అదే వరస. ఇంట్లో ఒకటే బల్బు. దాని కింద పెద్దక్క, పక్కన చిన్నక్క, గోడవారన నేను, గడప దగ్గర చిట్టి. వెలుతురు కూడా వయసు ప్రకారమే పంచింది మహాతల్లి. అన్నాలయ్యాక డాబా మీద చేరి, ఎవరి పావు వాళ్లు వరసగా చెప్పాలి. పక్కవాళ్ల పావులోకి తొంగిచూడడం నేరం, చెవి మెలి. పొద్దున్నే చిన్నక్క సూదీ దారంతో మళ్లీ కుట్టేసేది. షాపువాడు ఎన్నడూ కనిపెట్టలేదు. అంత బాగా కుట్టేది.

దీంతో జరిగిందేమిటంటే, మాలో ఎవరూ ఆ నవలలు పూర్తిగా చదవలేదు. పెద్దక్క ఐదు పుస్తకాల్లోనూ మొదటి పావులే చదివింది కాబట్టి ఆ నవలలన్నీ పొగమంచు మీదా, వంశవృక్షాల మీదా రాసినవని ఇప్పటికీ నమ్ముతుంది. చిన్నక్కకి అంతా తగువులూ సవాళ్లూ. నా మూడో పావుల్లో ఎవరికో ఒకరికి జ్వరం రావాల్సిందే. పిల్లకి జ్వరం, పడుచుకి జ్వరం, కోడలికి జ్వరం, అత్తకి విషజ్వరం. నేనిలా వెటకారం మనిషినయ్యానంటే ఆ జ్వరాల చలవే. చిట్టికి మాత్రం ముగింపులు దక్కాయి. గడప దగ్గరి పిల్లకి గడపదాటే కథలు.

ఏం ముగింపులు చెప్పేదండీ! మొదటి పుస్తకం చివర ఊరిపెద్ద గడియారానికి వేరే మనిషిని పెడతానంటే, ఆ పిల్ల స్తంభం తలుపుకి లోపలినుంచి గడియ పెట్టుకుని, "గడియా నాదే, గడియారమూ నాదే!" అని కిటికీలోంచి అరుస్తుంది. మూడో పుస్తకంలో అత్తగారు పనిముట్ల పెట్టె అటకెక్కిస్తే నిచ్చెన వేసి దింపుకుంటుంది. "అత్తయ్యా, స్తంభం ఎక్కినదానికి అటక ఒక లెక్కా?" అంటుంది. ఆ రాత్రి మేం నలుగురం చప్పట్లు కొడితే కింద నుంచి నాన్న, డాబా కూలుతుందన్నాడు.

ఆ మాట మా చిన్నక్క జీవితంలో పనికొచ్చింది. పెళ్లయిన కొత్తలో వాళ్లత్తగారు కుట్టు మిషను అటకెక్కించింది. చిన్నక్క నిచ్చెన అడగలేదు, బల్ల మీద కుర్చీ వేసి దింపుకుంది. దింపుతూ అన్నది కూడా: "అత్తయ్యా, అటక ఒక లెక్కా?" అత్తగారికి స్తంభం సంగతి తెలియదు, భయపడి ఊరుకుంది. ఆ మిషనే ఇవాళ్టి దుకాణం. బళ్ల యూనిఫారాలు, నాటకాల కంపెనీల తెరలు, పదిమంది పనివాళ్లు, వీధి మొగలో బోర్డు. బావ పోయాక కూడా దుకాణం ఒక్కరోజు మూసింది లేదు. ఏ చిక్కొచ్చినా చిన్నక్క ఒక్కటే ప్రశ్న వేసుకునేది, "గడియారం పిల్లయితే ఏం చేసేది?"

ఇప్పుడొచ్చిన చిక్కు ఆమె మరిది. దుకాణం లెక్కలు చూస్తాడు. మంచివాడే, మెత్తగా మాట్లాడతాడు, మెత్తగా వచ్చి కూర్చుంటాడు, దిండులాగే లేవడు. ఏం మొదలుపెట్టినా "మరి ఇది..." అంటాడు, మరిది కదా. "మరి ఇది ఎన్నాళ్లు వదినా? మోకాళ్లు నొప్పులంటున్నారు. నా పేర రాసేసి హాయిగా విశ్రాంతి తీసుకోండి." నెలలుగా ఇదే పాట. చిన్నక్కకీ ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం. సగం మనసు ఒప్పేసుకుంది. మిగతా సగం కోసం ఒక షరతు పెట్టింది: గడియారం పిల్ల అమ్మమ్మయ్యాక ఏం చేసిందో చూస్తాను, దాన్ని బట్టి సంతకం.

నవ్వకండి. జాతకం చూపించుకునేవాళ్లున్నారు, మా అక్క సీక్వెల్ చూపించుకుంటుంది.

ఈమధ్య ఎవరో ప్రచురణకర్తలు ఆ సెట్టంతా మళ్లీ వేశారు, అట్టల నిండా బంగారు రంగు. నేను ఐదు కొన్నాను, ఆరోది దొరకలేదు. ముచ్చటపడి మొదటి పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను, జీవితంలో మొదటిసారి. చివరికొచ్చేసరికి నా ఒళ్లు మండిపోయింది. తలుపు గడియ లేదు, కిటికీ అరుపు లేదు. పిల్లని మర్యాదలు నేర్చుకోవడానికి దూరపు బడికి పంపుతారు. ఆ పిల్ల బండెక్కి 'కృతజ్ఞతతో కన్నీరు కార్చింది.' మూడోది తెరిచాను. పనిముట్ల పెట్టెకి తాళం వేసి, తాళంచెవి అత్తగారి చేతిలో పెట్టి, 'ఇక ఈ ఇల్లే నా గడియారం' అంటుంది కోడలు. ఇల్లు గడియారం ఎలా అవుతుందమ్మా? గోడవుతుంది. దాని మీద నిన్ను మేకుకి తగిలిస్తారు. నాలుగులో ఆవిడ 'చేతులు ముళ్లు తిప్పడం మరచి ముద్దలు కలిపాయి.' ఐదులో కోడలి పనిముట్లు ఈవిడే దాచేస్తుంది! ఆ పేజీ దగ్గర పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. మా ఆయన, "సైకిల్ పడిందా?" అన్నాడు.

నేను పత్రికలో ప్రూఫులు దిద్దే మనిషిని. పుస్తకంలో తప్పుంటే తప్పు వేసినవాడిదే అని నా మతం. ప్రచురణకర్తకి ఫోన్ చేశాను.

"అచ్చుతప్పులేమైనా ఉన్నాయా అమ్మా?" అన్నాడు ఆయన వినయంగా.

"అచ్చుతప్పులు కాదు, అచ్చమైన తప్పులు! ఐదు పుస్తకాల చివర్లూ నరికి మీ ఇష్టమొచ్చినట్టు అతికించారు. ఇది పునర్ముద్రణా, పునర్నిద్రా?"

"ఒక్క కామా మార్చలేదమ్మా. మొదటి ముద్రణ ఎదురుగా పెట్టుకునే వేశాం."

"ఎదురుగా పెట్టుకుంటే సరా, చదవద్దూ?" అని పెట్టేశాను. గెలిచాననుకున్నాను. పెద్దక్క నిజంగానే హెడ్మిస్ట్రెస్‌గా చేసిన స్కూలు లైబ్రరీలో పాత ప్రతులుంటే తెప్పించి పోల్చాను. ఒక్క కామా తేడా లేదు. ఆయనకి మళ్లీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పాల్సింది. చెప్పలేదు, ఆయన మాత్రం వాటిని వేసి పాఠకులకి చెప్పాడా?

పెద్దక్కతో అంటే, "నీకు మొదట్నించీ పరధ్యానమే. చివరి పేజీలేవో ఎగరేసి చదివి ఉంటావు," అంది. బహుశా నాకే మతి పోయిందనుకున్నాను. చిట్టి మీద అనుమానమా? రాలేదు. చిట్టి బస్‌స్టాండులో అనౌన్సరు. దాని గొంతులో ఏ బస్సూ ఎన్నడూ లేటు కాదు, 'మరికొద్ది సేపట్లో' వస్తుంది, అంతే. అంత అమాయకపు గొంతుని ఎవరనుమానిస్తారు?

చిన్నక్కకి మాత్రం ఏమీ చెప్పలేదు. ఐదింటిలోనూ ఆ పిల్ల లొంగిపోయిందని తెలిస్తే ఆ పూటే సంతకం పెట్టేస్తుంది.

ఆదివారం పెద్దక్క, నేను, చిట్టి దుకాణానికి వెళ్లాం. మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. కటింగ్ టేబుల్ మీద సుద్దగీతలు, సగం కోసిన నీలం గుడ్డ, ఆ పక్కన బంగారు అట్టతో 'గడియారం అమ్మమ్మ'. మరిది ముందే వచ్చి, మూలన స్టూలు మీద కాగితాల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"పుస్తకం ఎవరు తెచ్చారు?" అన్నాను.

"నేనే వదినగారూ. ఎక్కడెక్కడో తిరిగి పట్టుకొచ్చాను. మరి ఇది వదిన కోరిక కదా."

"చదివావా?"

"అబ్బే, నవలలు నేను చదవను. ఊరికే చివరి పేజీ చూశాను," అని చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుతో నాకు సంగతి అర్థమైంది. షాపు కోరేవాడు షాపులో నిలబడి చివరి పేజీ చూసి, జేబులోంచి డబ్బు తీసి కొన్నాడంటే ఆ పేజీలో ఏముండాలో మీరే చెప్పండి. కుట్టు తెలిసిన మా అక్కకి కుట్ర తెలియదు.

"పద్ధతి పద్ధతే," అంటూ చిన్నక్క బ్లేడు తీసింది.

"కొత్త పుస్తకం వదినా!" అని లేచాడు మరిది.

"కూర్చోవయ్యా. ఇప్పటి పుస్తకాలకి కుట్టెక్కడిది, జిగురేగా," అని వీపు మీద మూడు గీతలు గీసి నాలుగు పావులు చేసి పంచేసింది. "చెల్లీ, నువ్వు మీ ఆఫీసు బుద్ధి చూపించి పక్క పావులోకి తొంగిచూశావో, చెవి మెలి."

"మెలి నా డిపార్ట్‌మెంటు," అంది పెద్దక్క.

ఎవరి మూలకి వాళ్లు చేరాం. చిట్టి తన పావు పట్టుకుని, కస్టమర్లు కొలత చూసుకునే ట్రయల్ రూములోకి వెళ్లి తెర లాక్కుంది. నేను నా జ్వరం చదువుకుంటున్నాను గానీ కళ్లు ఆ తెర మీదే. లోపల్నుంచి పేజీ తిప్పిన చప్పుడు వచ్చినప్పుడల్లా మరిది కాలు మీద కాలు మార్చుకునేవాడు.

చదవడాలయ్యాయి, చెప్పడాలు మొదలయ్యాయి. పెద్దక్క మొదలుపెట్టింది. పొగమంచు. నదిమీద పొగమంచు, గడియారం చుట్టూ పొగమంచు, అమ్మమ్మ మనవరాళ్ల పేర్లు, వాళ్ల జుట్ల రంగులు. "గొప్ప వర్ణన," అంది.

"కథేమైనా కనిపించిందా, మంచులో?" అన్నాను.

"నోర్మూసుకుని విను."

చిన్నక్క అందుకుంది. అల్లుడు పట్నం నుంచి కరెంటు గడియారం తెప్పిస్తానంటాడు. పాతది పీకేద్దామంటాడు. అమ్మమ్మ ఒప్పుకోదు. "నువ్వు అల్లుడివి, అల్లరివి కావు, హద్దులో ఉండు," అంటుంది. చిన్నక్క ఆ మాట చెప్పి బల్ల గుద్దింది. మరిది స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాడు. తరువాత నేను. ఈసారి జ్వరం మనవడికి. వాడు పలవరిస్తూ గంట ఏదీ గంట ఏదీ అంటాడు. గడియారం ఆగి ఉంది. అమ్మమ్మ జడపిన్ను తీసుకుని స్తంభం మెట్లెక్కుతుంది. సగం మెట్ల మీద కాలు జారుతుంది. నా పావు అక్కడితో అయిపోయింది.

"తరువాత?" అంది చిన్నక్క, చిట్టి వైపు తిరిగి. బల్ల మీద రెండు చేతులూ ఆనించింది. మరిది మెల్లగా సంచీలోంచి కాగితాలు తీసి, పెన్ను మూత విప్పి, నీలం గుడ్డ పక్కన పెట్టాడు.

చిట్టి తెర పక్కన నిలబడి ఉంది. గొంతు సవరించుకుని, అలవాటైన గొంతుతో మొదలుపెట్టింది. "అమ్మమ్మ... మరికొద్ది సేపట్లో..." అని ఆగిపోయింది.

"చెప్పవే. బస్సా, అమ్మమ్మా?" అన్నాను.

"పైకి వెళ్లలేదక్కా." గొంతు మామూలైపోయింది. "కిందికి దిగిపోయింది. జడపిన్ను అల్లుడికిచ్చేసింది. కరెంటు గడియారం పెట్టించాడు. వాకిట్లో కుర్చీలో కూర్చుని దాన్ని చూస్తూ ఉంటే, 'ఆమె గుండెల్లో ఇక ఏ చక్రమూ తిరగలేదు, ప్రశాంతంగా ఉంది' అని రాసింది. అంతే. అయిపోయింది."

చిన్నక్క సగం కోసిన నీలం గుడ్డని మడిచి పక్కకి జరిపింది. "సరే," అంది చివరికి, చెయ్యి పెన్ను మీదికి పోయింది. "అది దిగిపోతే, నేనెంత."

ఇక నావల్ల కాలేదు. "ఆగవే!" అని అరిచాను. "ఇవాళ మాత్రమే దిగిందనుకుంటున్నావా? మొదటి పుస్తకంలోనే దిగింది! ఐదూ చదివాను. గడియ లేదు, అటక లేదు, నిచ్చెన లేదు. కోడలు తాళంచెవి అత్తగారి చేతిలో పెట్టింది. చిట్టీ, నువ్వు మాకు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా పుస్తకంలో లేదు. ఏం పుస్తకం చదివావే నువ్వు?"

మరిది స్టూలు పక్కన నేల మీద చిట్టి కూలబడింది.

"చదవలేదు," అంది.

"ఏది?"

"ఏదీ. నాకు అక్షరాలు కనపడేవి కావక్కా. దూరంగా చెట్టు మీదున్న కాకి కన్ను కూడా కనపడేది, ఒళ్లో పుస్తకం మాత్రం చీమలు పారినట్టుండేది. నల్లబల్ల మీద రాసింది చదువుతాను కాబట్టి బళ్లో ఎవరికీ తెలియలేదు. తొమ్మిదో తరగతిలో సూదిలోకి దారం ఎక్కించలేకపోతే టీచర్ పట్టుకుంది. అప్పటికి మన పుస్తకాలైపోయాయి."

"అయితే ఆ పేజీలు తిప్పింది?" అంది పెద్దక్క.

"ఊరికే తిప్పాను. చదవలేదంటే నువ్వు చెవి మెలేస్తావు. మీ ముగ్గురి పావులూ విని, అక్కణ్నించి నేనే అల్లి చెప్పేసేదాన్ని."

పెద్దక్క గొంతు లేచింది. "ఏమే! స్కూల్లో నేనున్నన్నేళ్లూ, బహుమతుల సభ జరిగిన ప్రతిసారీ ఆ గడియ మాట నా ఉపన్యాసంలో చెప్పాను! గొప్ప రచయిత్రి వాక్యం అని చెప్పాను! ఎంతమంది ఆడపిల్లలు రాసుకున్నారో తెలుసా?"

"నీ బల్బు కింద కూర్చోబెట్టి ఉంటే ఈ గతి పట్టేది కాదు," అన్నాను.

"బల్బు కింద కూర్చున్నా చీమలే," అంది చిట్టి, ఆ సమయంలో కూడా న్యాయంగా. "అసలు నా భయమేంటో తెలుసా? అసలు రచయిత్రి ఇంకా గొప్పగా రాసి ఉంటుంది, నేను పాడుచేసి మీకు చిల్లర ముగింపులు చెప్పాను అని. అందుకే కళ్లజోడొచ్చాక కూడా వాటి జోలికి పోలేదు. ఇవాళ మొదటిసారి ఆవిడ ముగింపు చదివాను. ఛీ, ఇంత చెత్తగా ఉంటుందని కలలో కూడా అనుకోలేదు!"

ఆ 'ఛీ' వినాల్సింది. జీవితాంతం ఒక మనిషికి భయపడి, తీరా ఎదురుపడితే ఆ మనిషి బొమ్మ అని తెలిసినవాళ్లు మాత్రమే అలా అనగలరు.

చిన్నక్క ఇంకా పెన్ను పట్టుకునే ఉంది. "నేను మిషను అటక మీంచి దింపిన రోజు," అంది నిదానంగా, "అన్న మాట ఎవరిది?"

"నాదే," అంది చిట్టి. "డాబా మీద ఆ మాట అల్లినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మన్నించక్కా."

"మన్నించడమా?" చిన్నక్క పెన్నుకి మూత పెట్టింది. "మరి నేనింతకాలం ఎవర్ని అడిగి బతికానే? ఆ రాసినావిడనా? ఆవిడ నాకెప్పుడూ జవాబు చెప్పలేదు. చెప్పిందంతా నువ్వే. కళ్లజోడు తియ్యి."

"ఎందుకూ?"

"తియ్యవే. కాలు జారింది, సగం మెట్ల మీదుంది. అక్కణ్నించి చెప్పు."

చిట్టి కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. కళ్లు చికిలించి, చిరిగిన పావు చేతిలో పట్టుకుని, ఎక్కడో చూస్తూ మొదలుపెట్టింది. మొదట తడబడింది. తరువాత గొంతు దారిలో పడింది. అమ్మమ్మ మెట్టు మీద కాసేపు కూర్చుంది, ఆయాసం తీరిందాకా. కింద అల్లుడు అరిచాడు, అత్తయ్యా మోకాళ్లు, అత్తయ్యా మోకాళ్లు అని. 'మోకాళ్లు నావి. నువ్వు లాంతరు పట్టుకో,' అంది అమ్మమ్మ. పైకెళ్లి చూస్తే చక్రాల మధ్య గువ్వ గూడు పెట్టింది. గూడు తీసి కిటికీలో పెట్టి, జడపిన్ను దూర్చి తిప్పింది. టంగుమంది. మనవడు కళ్లు తెరిచి, అన్నం అన్నాడు. కరెంటు గడియారం పెట్టె విప్పకుండానే తిరిగెళ్లిపోయింది.

చప్పట్లు కొట్టాం. పెద్దక్క కూడా కొట్టింది, కొంచెం ఆలస్యంగా, హోదా ప్రకారం.

చిన్నక్క కాగితాలు మడిచి మరిది సంచీలో తనే పెట్టింది. "లెక్కలు నువ్వే చూడవయ్యా, ఎప్పట్లాగే. మెట్లెక్కినప్పుడు లాంతరు పట్టుకుంటానంటే సంతోషం. దుకాణం మాత్రం నాదే."

"కానీ వదినా," అన్నాడు మరిది లేచి నిలబడి, "చివరి పేజీ నేను చూశాను! అల్లుడికి ఇచ్చేసింది! అచ్చులో ఉంది! మరి ఇది ఎక్కడ్నుంచి వచ్చింది? గువ్వెక్కడిది?"

అప్పుడు నలుగురం ఒకేసారి మొదలుపెట్టాం. పుస్తకాన్ని పావులు చేయడం పెద్దక్క చెప్పింది. వరస నేను చెప్పాను. చీమలూ, కాకీ, సూదీ చిట్టి చెప్పింది. అటకా మిషనూ ఆనాటి మరిది వాళ్లమ్మగారి ముఖమూ చిన్నక్క చెప్పింది. ఒకరి మాట మీద ఒకరు పడుతుంటే అతను ఒక్కొక్కరి ముఖం చూస్తూ, మధ్యలో రెండుసార్లు "ఆగండి ఆగండి" అని, మళ్లీ మొదట్నించి చెప్పించుకున్నాడు. లెక్కలు చూసే మనిషి కదా, కలిసిందాకా వదలడు.

"అంటే," అన్నాడు చివరికి, సంచీ చంకన పెట్టుకుంటూ, "ఈవిడగారికి చిన్నప్పుడు దగ్గరి చూపు ఆనకపోబట్టి ఇవాళ దుకాణం నాకు రావట్లేదు. అంతేనా?"

"అంతే," అన్నాం నలుగురం.